ముత్యానికి మందు పట్టిన కుట్ర

పిల్లి నెక్కి తిరుగు బిడ్డల తల్లికి
చేతు లెత్తి మ్రొక్కి చెప్పెదఁ గథ
మందు మింగు వారు మంచముఁ దిగి లేవ
నమ్మ కరుణ చూపు మాదరమున

మోసపోవలసినది ఒక పిల్లి. పేరు ముత్యం. కుట్రదారులు ముగ్గురు. అశోక్‌నగర్‌లోని ఆ ఇంటి యజమాని, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు జగన్నాథరావు. ఆయన ధర్మపత్ని దమయంతి. మేడమీది గదిలో కిరాయికి ఉంటూ, చిక్కడపల్లి గ్రంథాలయంలో కొలువు పరీక్షకు చదువుకొంటున్న పశువైద్యురాలు రేణుక.

వ్యాధిని మొదట కనిపెట్టినది దమయంతి. ముత్యం పగలంతా నిద్రపోతున్నది. పిలిస్తే పలకడం లేదు. ఉన్నట్టుండి లేచి, ఏమీ లేని గోడను తదేకంగా చూస్తున్నది. అంతకు మునుపు ఎన్నడూ పిల్లిని పెంచి ఎరుగని జగన్నాథరావు వెంటనే రేణుకను కేకవేసి పిలిచాడు.

రేణుక చెవులు, కళ్లు, నాలుక పరీక్షించి పెదవి విరిచింది.

"రోజు పొద్దుగాల ఒక గోలి పడాలె సార్. ఒక్కరోజు తప్పినా పానం మీదికొస్తది."

"మింగుతదా?"

"ఊకెనే మింగదు. దానికి మీరంటే గురి. మీరు దాని ముందట కూసొని, గసొంటి గోలే మింగి చూపియ్యాలె. అప్పుడు నమ్ముతది."

"ఇంగ్లీషు మందు నా గొంతు దిగదని గల్లీ అంత తెలుసు కద బిడ్డా."

"మీకు వేపగోలి సార్. మందు దానికే."

ఆనాటి నుండి ప్రతిదినం స్నానసంధ్యలు ముగియగానే నాటకం మొదలయ్యేది. ఆయన పీటమీద, ముత్యం ఎదుట. దమయంతి రెండు గోలీలు తెచ్చేది. ఆయన తన గోలీని దాని కళ్లముందు ఆడించి, నాలుకపై వేసుకొని, ఉద్ధరిణెడు తీర్థంతో మింగి, మహాప్రసాదం దొరికినట్లు మీసం దువ్వేవాడు. ముత్యం అంతా చూచి, తన వంతును పెరుగుతో సహా నాకివేసేది.

పదిరోజులలోనే గుణం కనిపించింది. గోడ దూకి పారిపోయే ముత్యం వెంట జగన్నాథరావు ఇదివరకటిలా పక్క కమ్మి పట్టుకోకుండానే మేడమెట్లు ఎక్కి దిగుతున్నాడు.

పదకొండవనాడు ఆయన గోలీని పళ్లెంలో పెట్టివేశాడు.

"నాతోని కాదు దమయంతీ. బుద్ధెరిగినంక అబద్ధమాడలే. నన్ను నమ్మిన జీవిని రోజు మోసం చేస్తున్న."

ఆమె పళ్లెం మళ్లీ ఆయన ముందుకు జరిపింది. "ఇయ్యాల ఆపితే, రేపు ఏమన్న అయితే?"

"మోసం పాపం గాదా?"

"ఆ పాపమంత నాకే రానియ్యుండ్రి. మీరు మింగుండ్రి." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పిల్లి కోసం గింత ఏడుస్తరా" అంటూ ఆయన కరిగిపోయి, మింగి, మీసం దువ్వాడు. ముత్యం పళ్లెం నాకింది.

వంటింట్లో రేణుక చున్నీ నోటికి అడ్డుపెట్టుకొని నవ్వాపుకొంటున్నది. "అమ్మా, ముత్యం గోలీలకు కోవా, సార్ గోలీలకు పూసే వేపపొడి అయిపోయినయి."

"సాయంత్రం నారాయణగూడ పోయి తెస్త" అంటూ దమయంతి కళ్లు తుడుచుకొని, భర్త నెలక్రితం చింపబోగా తాను పంచాంగంలో దాచిన వైద్యుని చీటీని మరొకసారి చదువుకొన్నది: రక్తపోటుకు, రోజుకొక గోలీ, మానరాదు; రోగి పేరు, జగన్నాథరావు.

ఈ కథ విన్నవారికి, వినిపించినవారికి, ప్రేమచేత మోసపోయినవారికి ఆయురారోగ్యాలు కలుగుగాక. వారి ఇంటి పిల్లులు పగలంతా హాయిగా నిద్రించుగాక.