మూడో గిన్నె

రెండో గిన్నె ఖాళీ అయింది. యన్ దాన్ని పీట మీద పెట్టగానే సభ మొత్తం మళ్ళీ నేలకు తల ఆనించింది.

అందరికంటే ముందు లేచినవాడు మంత్రి గున్. అరవై ఊళ్ళ లువాన్ రాజ్యంలో అతని మాటకు ఎదురు లేదు. ప్రభువుల ప్రయాణానికి రథాలు, గుర్రాలు, ఈటెలు, కొర్రల సారా సిద్ధమని విన్నవించాడు. వెదురుబద్దల మీద రాసుకొచ్చిన పన్నెండు పేర్లు చదివాడు. మొదటి పేరు పో. కంచుగంటలు వాయించే ముసలివాడు, యన్‌కు పిల్లనిచ్చిన మామ.

అలాంటి ప్రయాణంలో రాజు వెంట వెళ్ళినవాళ్ళు ఒక్కరూ తిరిగి రాలేదు. పో చేసిన తప్పల్లా, కోతల విందులో గున్ పాట విని, "మంత్రిగారూ, మీరు గొంతెత్తితే నా గంటలు చెవులు మూసుకుంటున్నాయండీ" అనడమే.

పొద్దున్న యన్‌కు చనిపోయిన రాజు, అతని తాత, బట్టలు తొడిగేటప్పుడే గున్ అంతా చెప్పిపెట్టాడు. ఆ ఆసనం మీద పోయిన రాజుగా కూర్చున్నవాడు వాదించకూడదు, కారణాలు చెప్పకూడదు. మూడో గిన్నె తాగి ఒక్క మాట అనాలి. అన్నాక అది రాజు మాటే, దాన్ని ఎవరూ కాదనడానికి లేదు. ఆ మాట 'సరే' అయి తీరాలి. ద్వారం దగ్గర ఈటెలు పట్టుకుని నిలబడ్డవాళ్ళంతా గున్ మనుషులే.

వెనక వరసలో వాన్ కనిపించింది. పెళ్ళయి ఇరవై రోజులు. మొన్నటిదాకా రోజూ పొద్దున్నే అతని నోట్లో రేగుపండు పెట్టి, గింజ కోసం అరచెయ్యి పట్టి నవ్విన పిల్ల. ఇప్పుడు పెదవులు బిగబట్టి తండ్రినే చూస్తోంది.

మూడో గిన్నె వచ్చింది. యన్ దాన్ని అడుగుదాకా తాగాడు.

"ప్రభూ, వీళ్ళు మీ వెంట రావచ్చునా?" అన్నాడు గున్.

"నేనొక్కణ్ణే వెళ్తాను."

గున్ తలెత్తాడు. "ప్రభువులు సరిగా వినలేదేమో. ఇంకోసారి మనవి చేస్తాను."

అప్పటికే వరస వెంట వరస నుదుళ్ళు నేలను తాకాయి. ద్వారం దగ్గర ఈటెలు ఒక్కొక్కటే కిందికి వాలాయి. చివరికి గున్ కూడా వంగాడు.

సాయంత్రం ఆ బరువైన బట్టలు విప్పుతూ, రేపటినుంచి గున్ ఊరుకుంటాడా అని వాన్ భయపడింది.

"ఆ మాట నాది కాదు కదే," అన్నాడు యన్. "నన్నెలా అడుగుతాడు?"

మర్నాడు, యన్ ఎవరిగా కూర్చున్నాడో ఆ తాత శవాన్ని ఒంటరిగానే పూడ్చారు.