మొద్దుగా పలికిన యాక్సిల్

యాక్సిళ్లు విరుగుతున్నాయని కంపెనీ తాను అమ్మిన లారీలన్నిటినీ వెనక్కి పిలిపించింది. ఆ రాత్రి మనలి షెడ్డులో, యాక్సిల్ కింద జాకీలు పెట్టి లేపిన చివరి లారీ కింద సాయిరామ్ ఒక్కడే పని చేస్తున్నాడు. అతని కొత్త పెళ్లికూతురు కోకిల లారీ పక్కనే కూర్చుని, పెరుగన్నం క్యారియర్ ఒళ్లో పెట్టుకుని, అతని సుత్తి చప్పుడు వింటూ మురిసిపోతోంది. మంచి యాక్సిల్ గంటలా మోగుతుందనీ, పగిలింది మొద్దుగా పలుకుతుందనీ అతనే నేర్పాడు.

దబ్.

“ఇదీ పోయిందే బావా! రా, తిందువు,” అంటూ లేచింది.

వెనక నుంచి ఒక చెయ్యి ఆమె చిటికెనవేలు పట్టుకుంది. అలా పట్టుకునేది సాయిరామ్ ఒక్కడే.

“అప్పుడే వచ్చేసినావా, దొంగా!” కోకిల కిలకిలా నవ్వింది.

లారీ కింద సుత్తి ఆగింది.

“ఆడ ఎవురితో మే మాట్లాడతా ఉండావు?” కింద నుంచి సాయిరామ్ అడిగాడు.

ఫెళ్లుమని యాక్సిల్ విరిగింది. లారీ అతని మీద కూలబడింది. వెచ్చని నెత్తురు కోకిల కాలివేళ్ల దాకా పాకింది. పరుగెత్తబోయింది. ఆ పట్టులోంచి చిటికెనవేలు ఊడిరాలేదు.

చెవి పక్కనే, అచ్చం సాయిరామ్ గొంతు.

“ఆకలేస్తా ఉంది మే. అన్నం పెట్టు.”