పెళ్లి మీద వచ్చిన కార్డు

"మనిషి గుమ్మంలో అడుగు పెడితే చాలు పుష్పలతా, కేసేంటో నేను చెప్పేస్తా. వాళ్లు నోరు విప్పక్కర్లేదు," అన్నాడు లాయరు బర్నబాస్.

గుమస్తా పుష్పలత టైపు చేస్తూనే తలూపింది. తెనాలిలో ఈ మాట విననిది ఆ ఆఫీసు గోడ మీద బల్లి ఒక్కటే. అది నిన్ననే వచ్చింది.

అంతలో తలకి కట్టుతో ఒకతను లోపలికి వచ్చాడు.

"యాక్సిడెంటు. లారీ. తప్పు లారీవాడిదే," అన్నాడు బర్నబాస్.

"కాదండి, ఫ్యాను బాగుచెయ్యడానికొచ్చానండి. పోయినవారం బాగుచేస్తుంటే నా మీదే పడింది కదండి!"

పుష్పలత నవ్వు ఆపుకోవడానికి కంప్యూటరు వెనక్కి దూరింది. బర్నబాస్ మాత్రం ఓటమి ఒప్పుకునే మనిషి కాదు. సర్దుకుని కూర్చుని మళ్లీ గుమ్మం వైపు చూశాడు.

ఈసారి లుంగీలో ఓ నల్లటి మనిషి వచ్చాడు. ఆయన వెనకే, ద్వారబంధం నుదుటికి తగలకుండా వంగి, నేతచీరలో ఒక తెల్లావిడ. జుట్టు మొక్కజొన్న పీచు రంగులో ఉంది.

"ఫారిన్ భార్య. విడాకులు. వీసా గొడవ. రాసుకో," అని గొణిగాడు బర్నబాస్.

"నమస్కారమండి. నా పేరు జార్జి. మాది రేపల్లె దగ్గర నగరం అనే ఊరండి. ఈమె మా ఆవిడ సిగ్రిడ్. పుట్టింది నార్వేలోనండి. ఊళ్లో అందరూ కృపమ్మంటారు. మేం విడాకుల గురించి..."

బర్నబాస్ పుష్పలత వైపు చూసి కనుబొమ్మలు రెండూ ఎగరేశాడు. అవి కిందికి దిగడానికి చాలాసేపు పట్టింది.

"ఏం జరిగిందమ్మా?"

"నిజాంపట్నం రేవులో ఈయన రొయ్యలు కొన్నాడండి," అంది కృపమ్మ. "రొయ్యలమ్మే గంగాదేవి చెప్పిన రేటుకే! ఒక్క రూపాయి బేరమాడలేదు. పైగా ఆమెకి థాంక్యూ చెప్పాడండి. పదేళ్లుగా కాపాడుకొస్తున్న నా పరువు ఒక్క పూటలో పోయింది. ఇప్పుడు నన్ను చూస్తే చాలు, రేవంతా రేటు పెంచేస్తున్నారు."

పుష్పలత 'క్రూరత్వం' అని టైపు చేసింది.

మన మట్టిలో ఎంత కలిసిపోయిందీ తల్లి, అని బర్నబాస్ మనసు కరిగింది. ఆమె ఎడమచేతి వేలి మీద నల్లటి మరక కూడా ఉంది. పొద్దున్నే వంకాయలు తరిగి వచ్చినట్టుంది.

జార్జికి చెమటలు కారిపోతున్నాయి. పుష్పలత ఇచ్చిన కూజా నీళ్లు పక్కన పెట్టి, సంచిలోంచి సీలున్న బాటిల్ తీసి తాగాడు.

"సార్, అసలు నా భయం ఏంటంటే..."

"మీరు చెప్పక్కర్లేదు. ఓసీఐ కార్డు. అంటే పుష్పలతా, ఫారిన్ వాళ్లు ఇక్కడ ఎన్నాళ్లైనా ఉండటానికిచ్చే కార్డు. ఏమండీ, అది పెళ్లి మీద వచ్చిందేనా?"

"అవునండి. ఇంకో దారి ఉందన్నాడండి ఏజెంటు. దానికి పాత కాగితాలేవో వెతకాలట. పెళ్లి సర్టిఫికెట్ చేతిలోనే ఉంది కదాని బద్ధకించి ఇదే పెట్టామండి."

"కొంప మునిగింది. కోర్టు పెళ్లి రద్దు చేసిందంటే, పెళ్లి మీద వచ్చిన కార్డుని కూడా గవర్నమెంటు రద్దు చెయ్యొచ్చు. ఆ తర్వాత వీసా కోసం తిరగాలి. దొరకలేదో, విమానమే!"

జార్జి మొహం తల తీసిన రొయ్యలా అయిపోయింది.

"పదిహేనేళ్లు అక్కడ ఉన్నాను, నాకు తెలుసండి. ఏడాదికి పదమూడు నెలలు మంచు. గోంగూర దొరకదు. ఎండుచేప వేయిస్తే ఫైరింజను వస్తుందండి. మరి మా గేదె సంగతేంటి సార్?"

"గేదెకి వీసా అక్కర్లేదు."

జార్జి కండువాలో మొహం పెట్టుకుని ఏడ్చాడు. బర్నబాస్ కళ్లు కూడా చెమర్చాయి. భార్యకి కష్టమొస్తుందని ఏడ్చే మొగుడు ఆయన సర్వీసులో ఇదే మొదలు.

"కృపమ్మా, మీకసలు దిగుల్లేదా?"

"నాకేంటండి? బాపట్ల కలెక్టరు గారి ముందు చెయ్యెత్తి ప్రమాణం చేశాను. తెలుగులోనే!" అందామె వక్కపొడి నములుతూ.

"పెళ్లి ప్రమాణం చర్చిలో చేస్తారమ్మా, కలెక్టరు దగ్గర కాదు," అని జాలిగా నవ్వాడు బర్నబాస్.

"సార్, అది కాదండి..." అని జార్జి తల ఎత్తాడు.

"మీరాగండి! ఏడవండి! నేను మాట్లాడతా."

"సంతకం ఎక్కడ పెట్టాలండి?" అని కృపమ్మ పెన్ను అందుకుంది.

బర్నబాస్ గబుక్కున పెన్ను లాక్కున్నాడు. "నా మాట విను తల్లీ. తప్పు ఎవరిదైనా కానీ, ఈ నేల మీద ఉండాలంటే ఒకటే దారి. ఫారినర్ అయినవాళ్లు పంతం మానేసి, రెండోవాళ్ల కాళ్లు పట్టుకోవాలి. ఇప్పుడే, ఇక్కడే. మంచి మాట చెప్తున్నా."

ఫ్యాను బాగుచేసేవాడు నిచ్చెన మీద నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

కృపమ్మ కదల్లేదు. కుర్చీ కిర్రుమంది. లేచింది జార్జి. లుంగీ పైకి మడిచి కట్టి, టేబుల్ కిందకి దూరి కృపమ్మ పాదాలు రెండూ వాటేసుకున్నాడు.

"ఇక నుంచి గంగాదేవి వంద అంటే ముప్పై అంటానే! థాంక్యూ అననే! తూకం కూడా అనుమానిస్తానే!"

"ఏంటండీ ఇది? మీరెందుకు పట్టుకోవడం?" అని బర్నబాస్ టేబుల్ కిందకి వంగాడు.

జార్జి జేబులోంచి ప్లాస్టిక్ కవర్లో ఉన్న ఓసీఐ కార్డు తీసి పైకి చూపించాడు. దాని మీద ఫోటో ఆయనదే.

"ఇక్కడ ఓటు ఆవిడది, నార్వే పాస్‌పోర్టు నాది. ఫారినర్ని నేనేనండి."