మడత విప్పని కండువా

సర్పంచి ఎన్నికలో పార్టీలు ఉండకూడదని చట్టం. అందుకే భూపేష్ నామినేషన్ వేసిన రోజే మగ్గం నేసే కాశన్న ఇంటికి వచ్చాడు.

"పార్టీ కండువాలు వేసుకోగూడదంట. ఇరవై తెల్లవి నెయ్యి కాశన్నా. ఒక అంచున మాత్రం సన్నగా మన పార్టీ రంగు పడనీ. అర్థమయ్యేటోళ్లకు అర్థమైతాది."

కాశన్న వారంలో నేసి, మడతపెట్టి ఇచ్చాడు. "మడత విప్పొద్దప్పా. అట్లనే భుజాన వేసుకోండి."

గంజి చెడుతుందని కాబోలు అనుకున్నారు. పార్టీలు లేని ఎన్నికలో ఆ అంచు ఊరంతా తిరిగింది. భూపేష్ గెలిచాడు.

మరునాడు పొద్దున్నే మగ్గం దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "ఊరి అభివృద్ధి కోసం అవతల పార్టీలోకి పోతాండా. మధ్యాహ్నమే చేరేది. వాళ్ల రంగు అంచుతో ఇరవై కండువాలు ఎట్లన్నా కావల్ల."

కాశన్న నేత ఆపలేదు.

"మీ నాయన గెలిచినప్పుడు ఇట్లనే తొందరపెడితే నేసి నేసి నడుము పట్టేసింది. అందుకే ఈసారి రెండో అంచుకు వాళ్ల రంగే వేసినా. మడత తిప్పి వేసుకో, పో."