మీరొక్కరే

ఈ కథ విన్నవాళ్ళలో ఒక్కరు కూడా మర్నాడు చేతిలో సంచీ లేకుండా బజారుకు వెళ్ళలేదు. నమ్మితే నమ్మండి, ఇందులో నేను రవ్వంత కూడా కల్పించలేదు.

"అమ్మాయ్, పప్పు కవర్లో పొయ్యి!" అంటూ, గుమ్మం ముందు పొంగుతున్న మురుక్కాలువను ఒక్క గెంతున దాటి దుకాణంలోకి వచ్చాడు రిటైరైన స్టేషన్ మాస్టరు.

దుకాణం అక్కకు ఒళ్ళు మండింది. పొద్దున పుల్లతో లాగితే ఆ కాలువలోంచి గంపెడు ప్లాస్టిక్ కవర్లొచ్చాయి. అన్నీ ఆవిడ ఇచ్చినవే. ఇంకొక్క గట్టి వాన పడితే నీళ్ళు లోపలికొచ్చి పిండి బస్తాలు ముద్దవుతాయి. అలాగని కవరు లేదంటే బేరం ఎదుటి దుకాణానికి పోతుంది.

"ఇస్తాను బాబాయ్ గారూ, ఇవ్వకేం? వీధంతా గుడ్డసంచులు తెచ్చుకుంటున్నారు. మీరొక్కరే..." అని నాలిక్కరుచుకున్నట్టు నటించింది.

"అందరూనా? ఆ పిసినారి టైలరు కూడానా?"

"మొదలెట్టిందే ఆయన!"

మాస్టరు ముఖం మాడిపోయింది. "నేను మాత్రం కవరడిగానా? నోరు జారింది," అని, తలమీది టోపీ తీసి అందులో పప్పు పోయించుకుని, బట్టతల మెరిపించుకుంటూ చక్కాపోయాడు.

వెనకాలే టైలరొచ్చాడు. "అక్కా, చక్కెరా ఉప్పూ. కవర్లో."

"అటు చూడు తమ్ముడూ. అంతటి పెద్దమనిషి టోపీలో మోసుకెళ్తున్నాడు. వీధిలో ఇక మిగిలింది నువ్వొక్కడివే."

"గుడ్డలు కుట్టేవాణ్ణి, నాకే సంచీ లేదంటే నా పరువేం కాను!"

పరుగున వెళ్ళి, ఎవరో కుట్టడానికిచ్చిన పాంటు తెచ్చాడు. కాళ్ళ చివర ముళ్ళేసి, ఒక కాలులో చక్కెర, రెండో కాలులో ఉప్పు పోయించుకుని, భుజాన వేసుకుని వీధంతా నడిచాడు. చూసినవాళ్ళు చూసినట్టే ఇళ్ళలోకి దూరి సంచులు వెతుక్కున్నారు. వానలొచ్చేసరికి కాలువ గలగలా పారింది.

గెలిచిన హుషారులో అక్క కూరగాయల బండి దగ్గరికెళ్ళి, "ఉల్లిపాయలు కవర్లో వెయ్యవయ్యా," అంది.

బండివాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "వేస్తాలే అక్కా. వీధంతా సంచులు తెస్తున్నారు. మీరొక్కరే..."

ఈసారి అది అబద్ధం కాదు. అక్క చేతులకు పట్టినన్ని ఉల్లిపాయలు పట్టుకుని, దొర్లినవాటిని దొర్లనిచ్చి, ఇంటికి ఒకటే పరుగు.

టోపీ నిజం, పాంటు నిజం, దొర్లిన ఉల్లిపాయలూ నిజమే. నేను కల్పించిందల్లా మొదట్లో చెప్పిన ఆ విన్నవాళ్ళనే. ఈ కథ ఇంతవరకూ విన్నది మీరొక్కరే.