ఎర్ర తీగ

“ఫ్యాను ఆగింది. ఇక్కడే ఆపరా,” అంది భారతమ్మ.

వెంకటరామారావు విసుక్కుంటూ వ్యాను ఆపాడు. పడకలు, పొయ్యి, లైట్లు, ఫ్యాను అన్నీ బిగించిన వ్యాను అది. తల్లికి భద్రాచలం చూపించాలని హైదరాబాదు నుంచి బయల్దేరాడు. ఆగింది టేకులపల్లిలో, బండ్ల కరెంటు పనులు చేసే ఇన్నయ్య షెడ్డు ముందు.

వెనక తలుపు తీసుకుని జోజమ్మ దిగింది. భారతమ్మకు వండిపెట్టే మనిషి. ఇన్నయ్య భార్య. మొగుడూ పెళ్లాం ఒకరినొకరు చూసుకుని పది నెలలైంది.

ఇన్నయ్య షెడ్డులోకి పోయాడు. మేకుకు, కరెంటు ఉందో లేదో చూసే మీటరు తీగలు రెండు జతలు వేలాడుతున్నాయి. ఒక జత మంచిది. రెండో జతలో ఎర్ర తీగ లోపల తెగిపోయింది. ఇన్నయ్య రెండోదే తీసుకున్నాడు.

నల్ల తీగ వ్యాను బాడీకి ఆనించి, ఎర్ర తీగను ఒక్కో వైరుకు తాకిస్తూ పోయాడు. మీటరు ముల్లు కదల్లేదు. జోజమ్మ వచ్చి పక్కన టార్చి పట్టుకుంది.

“ఎంతసేపు పడుతది?” అంది మెల్లగా.

“నువ్వుండేటంత సేపు.”

“చిక్కినవ్. తింటున్నవా?”

“అవ్. ఒకపూట వండుకొని రెండుపూటలు తింటున్న. క్రిస్మస్‌కన్న పంపుతరా?”

“అడిగిన. సారు కుదరదన్నడు. అమ్మగారు ఏం అనలే. వక్క దంచుకుంట కూసున్నది.”

గంట గడిచింది. వెంకటరామారావు వాచీ చూసుకుంటూ వచ్చాడు.

“ఏమయ్యా, ఇన్ని ఊళ్లు దాటొచ్చిన ఫ్యాను సరిగ్గా నీ షెడ్డు ముందే ఆగిందేంటి?”

“ఏమో సార్. ఏడ పెట్టినా కరెంటు చూపిస్తలేదు.”

“ఇటివ్వు.”

ఆయన ఇంజనీరు. మీటరు మీట తిప్పి, రెండు తీగల మొనలూ ఒకదానికొకటి తగిలించాడు. తీగలు మంచివైతే లేవాల్సిన ముల్లు లేవలేదు.

“పోయింది వ్యాను కాదు, నీ తీగ,” అంటూ తనే వెళ్లి మేకుకున్న రెండో జత తెచ్చాడు.

ఇన్నయ్య తల వంచుకున్నాడు. జోజమ్మ టార్చి ఆర్పేసింది.

ఈసారి బ్యాటరీ దగ్గర ముల్లు చటుక్కున లేచింది. ఫ్యాను దగ్గర మళ్లీ పడుకుంది. ఇక మిగిలింది భారతమ్మ పడక కిందున్న ఫ్యూజు పెట్టె. తెరిచి చూస్తే గాజు ఫ్యూజు ఉండాల్సిన చోటు ఖాళీ.

ఇన్నయ్య జోజమ్మ వైపు చూశాడు. ఆమె కాదన్నట్టు తలూపింది.

“గసంటి ఫ్యూజు నా కాడ లేదు సార్. కొత్తగూడెంల దొరుకుతది. ఇయాల్టి ఆఖరి బస్సు పోయింది.”

“రాగి తీగ ముక్క చుట్టెయ్.”

“చుట్టి నన్ను పడక మీదే తగలబెడతారా?” అంది భారతమ్మ. “కిటికీ తీస్తే దుమ్ము, మూస్తే ఉడుకు. ఫ్యాను తిరిగేదాకా నేను కదలను. రేపు పోదాం. రాముడెక్కడికీ పోడు.”

వెంకటరామారావు వ్యాను తాళం తీసి జేబులో వేసుకున్నాడు. ఆమె జోజమ్మ వైపు తిరిగింది.

“నువ్వు మాత్రం వ్యానులో పడుకోకు. నీ గురకకు నాకు నిద్రుండదు. మీ ఇంటికి పో. పొద్దెక్కాకే రా, కాఫీ నేను కాచుకుంటాలే.”

జోజమ్మ సంచీ అందుకుంది. ఇన్నయ్య తీగలు మేకుకు తగిలించాడు. ఇద్దరూ ఎడంగా నడుచుకుంటూ షెడ్డు వెనకనున్న ఇంటికి మలుపు తిరిగారు.

వాళ్లు కనపడకుండా పోయేదాకా చూసి, భారతమ్మ వక్కల డబ్బా మూత తీసింది. వేలితో వక్కలు పక్కకు జరిపింది.

గాజు ఫ్యూజు భద్రంగానే ఉంది.