ఇటేపు కుర్చీ

"పదవి దిగిపోయినోడు మళ్లీ అందులో వేలు పెట్టకూడదమ్మా. నాయకత్వంలో మొదటి పాఠం అదే," అన్నాడు నరసింగరావు, ఎంబీఏ కాలేజీ డైరెక్టరు కుర్చీలో వెనక్కి వాలి.

"అంతే సార్," అంది ఎదుట కూర్చున్న యమున. ఆయన శిష్యురాలే. ఆయన పదవి దిగిపోయాక, మొన్న సోమవారం నుంచి డైరెక్టరు ఆవిడే. ఆయన మాత్రం రోజూ శృంగవరపుకోట బస్సు దిగి, అలవాటుకొద్దీ తిన్నగా ఈ గదికే వచ్చేస్తున్నాడు.

"నీకేటి కష్టమున్నాదో సెప్పు. నేను తీరుస్తాను."

"ఒకటున్నాది సార్. బాధ్యత అప్పగించేసిన పెద్దాయనొకరు కుర్చీ మాత్రం ఒదల్లేదు. మంచాయనే. ఎలా సెప్పాలి?"

"మంచోడైతే అర్థం చేసుకుంటాడు. మొగం మీదే సెప్పేయ్. ఎవరాయన?"

యమున టీ గ్లాసు ఆయన ముందుకు జరిపింది.

రెండో గుక్కకి నరసింగరావుకి పొలమారింది. మెల్లగా లేచి, గ్లాసు పట్టుకుని బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. యమున లేచి అటు వెళ్లింది. ఆవిడ ఖాళీ చేసిన కుర్చీలో ఆయన కూర్చోగానే అది పక్కకి ఒరిగింది.

"దీని కాలు ఊగుతన్నాదేటి? ఎప్పట్నుంచి?"

"నేను లెక్చరరుగా చేరినప్పట్నుంచి సార్," అంది యమున. "మీరు ఇటేపు ఎప్పుడూ కూకోలేదు."